షెడ్డు సరే, పొట్టు సంగతేంట్రా?

ఒరే అబ్బాయ్,

రాజాంలో షెడ్డు అద్దెకి తీసుకుని ఎండీఎఫ్ (చెక్క పీచుని జిగురుతో అదిమి చేసే పలక) కప్‌బోర్డుల పని మొదలుపెడుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మన ఇళ్లలో ఉలి పట్టినవాళ్లే గాని సొంతంగా షాపు తీసినవాడు లేడు, గొప్పగానే ఉంది, కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పులూ అద్దెలూ నువ్వు చూసుకోగలవు. నా టెన్షనంతా చెక్క పొట్టు గురించే.

రంపానికి గార్డు తీయకు, షెడ్డులో బీడీలు కాల్చనివ్వకు. ఇవి నీకు తెలిసినవే.

విజయనగరంలో నేను మేస్త్రిగా చేసిన షాపు ఓనరు పిసినారి కాడు. పొట్టు పోవాలని పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యానే కొన్నాడు. కొని ఎక్కడ పెట్టించాడంటే, చెక్కని నునుపుగా అరగదీసే శాండింగ్ బల్ల దగ్గర నిలబడే కుర్రాడి వీపు వెనక గోడకి! బల్ల మీద లేచిన ధూళి ఫ్యానుకి చేరాలంటే ముందు వాడి ముక్కు దాటాలి కదా. రేకుకి పడిన మేకు కన్నంలోంచి ఎండ దిగితే, మిషను ఆపిన చాలాసేపటికి కూడా ఆ వెలుగులో ధూళి తేలుతూనే కనిపించేది. సాయంత్రమైతే అందరూ కంప్రెసర్ గాలితో చొక్కాలు దులుపుకునేవారు, కింద పడిందంతా మళ్లీ పైకి లేచేది. అడిగితే ఓనరు "ఫ్యాను పెట్టాం కదా, ఇంకేటి?" అనేవాడు. ఆ కుర్రాడు ఆయాసంతో పని మానేసి కిరాణా కొట్టు పెట్టుకున్నాడు.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణకి పనస దుంగ తొలుస్తుంటే పేళ్లు రాలి కాళ్ల దగ్గరే పడతాయి. శాండర్ పొడి అలా పడదు, సన్నది ఊపిరితిత్తుల దాకా పోతుంది. చెక్క ధూళి మనిషికి క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 1995లోనే తేల్చింది. ముక్కు లోపల వచ్చే ఆ జబ్బు చాలామందికి దశాబ్దాల తర్వాత గాని బయటపడదు, అందుకే ఎవడూ భయపడడు. ఎండీఎఫ్‌లో జిగురు తాలూకు ఫార్మాల్డిహైడ్ అనే విషవాయువు అదనం.

కాబట్టి ధూళిని పుట్టిన చోటే పట్టు. నాలుగంగుళాల పైపు నోటికి నాలుగంగుళాలు ఎడమైతే చాలు, లాగే గాలి వేగం దాదాపు పదో వంతుకి పడిపోతుంది. అందుకని పైపుని మిషనుకే బిగించు, రంపానికి కిందొకటి, గార్డు దగ్గర ఇంకొకటి. చేతి శాండర్‌కి వాక్యూమ్ గొట్టం తగిలించు. పైపులు లాగిన ధూళి చేరే డస్ట్ కలెక్టర్ సంచి షెడ్డు బయట పెట్టించు, లోపల పెడితే గుడ్డలోంచి సన్నపొడి మళ్లీ మీ మొహాలకే కొడుతుంది. బయట అన్నానని పక్కింటి కిటికీకి ఎదురుగా పెట్టకు, గొడవలొస్తాయి.

కంప్రెసర్‌తో ఊదడం, పొడి చీపురు, రెండూ బంద్. వాక్యూమ్, తడిగుడ్డ వాడండి. ముక్కుకి తువ్వాలు కడితే సరిపోదు, ఎన్95 మాస్కు కొను, గడ్డం ఉంటే అదీ సరిగ్గా అతుక్కోదు. ముందు నీ గడ్డం తీయించు, అసలే చిన్నప్పుడు జలుబు చేస్తే నెలకి గాని తగ్గేది కాదు నీకు. పనివాళ్లు బట్టలు మార్చుకునే మూల ఒకటి చూడు, ఆ చొక్కాలతోనే ఇంటికెళ్లి చంటిపిల్లల్ని ఎత్తుకుంటారు. ఎవరికైనా ఒకవైపు ముక్కు మూసుకుపోయి రక్తం పడుతుంటే జలుబే అని వదిలేయొద్దు, ఈఎన్టీ డాక్టరుకి చూపించు.

మిషన్లు బిగించకముందే షెడ్డు కొలతలు, కిటికీలు ఎటున్నాయో వాట్సాప్‌లో పంపు. పైపులు ఎటు నడపాలో గీసిస్తాను.

మీ మామయ్య