గేమ్ ఆఫ్ థ్రోన్స్ షూటింగ్ ప్లేసులకి క్రొయేషియా వెళ్ళాలా, నార్తర్న్ ఐర్లాండ్‌కా?

ఒక్కటే కుదిరితే క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్ అంటాను, సిరీస్‌లో రాజధాని కింగ్స్ ల్యాండింగ్ అంటే ఆ పాత ఊరే కదా, సెర్సీ రాణిని నడిపించిన జెజూట్ మెట్లు ఫ్రీగానే ఎక్కొచ్చు, కాకపోతే పొద్దున్నే వెళ్ళండి, క్రూయిజ్ షిప్పులు వచ్చాయంటే ఇక తిరునాళ్ళే. అక్కడి లోవ్రియెనాట్స్ కోట ఎంట్రీ పాత ఊరి కోటగోడలు ఎక్కే టికెట్‌లోనే కలిసి ఉంటుంది, విడిగా కొనకండి.

నార్తర్న్ ఐర్లాండ్‌లో డార్క్ హెడ్జెస్ అని బీచ్ చెట్ల (సముద్రం బీచ్ కాదు లెండి) దారి ఉంది గానీ తుఫాన్లకి చాలా చెట్లు పడిపోయాయి, టీవీలో చూసినంత గుబురుగా ఉండదు. అసలు సెట్లు, కాస్ట్యూములు కావాలంటే బాన్‌బ్రిడ్జ్‌లో 2022లో తెరిచిన స్టూడియో టూర్ ఉంది.

ఇండియన్ పాస్‌పోర్ట్ అయితే వీసా చూసుకోండి, క్రొయేషియా 2023 నుంచి షెంగెన్‌లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపు) ఉంది, నార్తర్న్ ఐర్లాండ్‌కి యూకే వీసా.