చిన్నోడికి ఇంట్లోనే చదువు చెప్తానంటున్న నీకు

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. చిన్నోడిని జూన్‌లో ఒకటో తరగతిలో వేయట్లేదట, నువ్వు ఉద్యోగం మానేసి ఇంట్లోనే చదువు చెప్తావట. ఏడ్చింది. "నువ్వైనా చెప్పక్కా, నీ మాట వింటుంది" అంది. ఫోన్లో చెబితే నువ్వు "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు. అందుకని రాస్తున్నాను.

వద్దని చెప్పడానికి కాదు. మీ అమ్మకి నేను నచ్చజెప్పుకుంటాను. మన ఇంట్లో నా తర్వాత ఈ పనికి పూనుకున్నది నువ్వే. అది విన్నాక రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. సంతోషంతో కొంత, భయంతో కొంత.

ముందు కాగితాల సంగతి. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆరేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ వరకు పిల్లల్ని దగ్గర్లో ఉన్న బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని అందులో 10వ సెక్షన్ చెబుతుంది. చేర్పించకపోతే తల్లిదండ్రులకి ఫలానా శిక్ష అని మాత్రం లేదు. ఇంట్లో చదువు గురించి విడిగా ఏమీ రాయలేదు. అది తెలిసే దిగు. 4వ సెక్షన్ కూడా చదివి పెట్టుకో. అంతవరకూ బడికి వెళ్ళని పిల్లల్ని వయసుకి తగ్గ తరగతిలో చేర్చుకోవాలని అందులో ఉంది. రేపు నీకు చేతకాకపోయినా, వాడికే బడి కావాలనిపించినా, పంపించెయ్. అందులో సిగ్గుపడాల్సింది లేదు. పదో తరగతి ఎన్‌ఐఓఎస్‌లో, అంటే బడికి పోకుండానే పరీక్షలు రాయనిచ్చే కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూల్లో రాయొచ్చు, పద్నాలుగేళ్ళు నిండితే చాలు, తెలుగులోనూ రాయొచ్చు. దానికింకా చాలా ఏళ్ళుంది, ఇప్పటినుంచే టెన్షన్ పెట్టుకోకు. పుట్టిన సర్టిఫికెట్, టీకాల కార్డు ఒక ఫైల్లో పెట్టు. వాడు రాసిన పుస్తకాల మీద తేదీలు వెయ్యి.

చదువంటావా, పొద్దున గంటన్నర చాలు. ఐదేళ్ళ వాడు అంతకంటే కూర్చోడు, కూర్చోబెట్టకు కూడా. అక్షరాలు వరసలోనే నేర్పాలని పట్టు పట్టకు, వాడి పేరులో ఉన్నవాటితో మొదలుపెట్టు. మ, య కలిపేస్తాడు. థ పొట్టలో చుక్క మర్చిపోతాడు. అందరూ మర్చిపోతారు. వంటింట్లో సోల, మానిక పెట్టి బియ్యం కొలిపించు. నాలుగు సోలలు పోస్తే మానిక నిండుతుందని చేత్తో తెలుసుకున్నవాడికి తర్వాత నాలుగో ఎక్కం బరువనిపించదు. సాయంత్రం అష్టాచెమ్మా ఆడించు. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మా నాలుగు, బోర్లా పడితే అష్టా ఎనిమిది. కాయ ఎన్ని గళ్ళు జరపాలో, ఎదుటివాడి కాయ ఎంత దూరంలో ఉందో లెక్క వాడే వేసుకుంటాడు. నువ్వు లెక్కలు చెబుతున్నానన్న మాటే ఎత్తొద్దు. మూడేళ్ళ బుజ్జిదాన్ని దాని మానాన వదిలెయ్, అన్న పక్కన కూర్చుని అదే నేర్చుకుంటుంది. నీకు ఒంట్లో బాగాలేని రోజు పుస్తకాలు మూసెయ్. మీ ఆయన్ని ఆదివారమైనా ఏదో ఒకటి చెప్పమను, అంతా నీ నెత్తిన వేసుకోకు.

ఇవన్నీ నేను చెప్పకపోయినా నీకు తెలుస్తాయి. నాకు నిద్ర పట్టనివ్వనిది వేరే ఉంది. మాటల్లో మాటగా మీ అమ్మ చెప్పింది, "అత్తయ్యగారికి ఇప్పుడే తెలియనివ్వొద్దమ్మా, అడిగితే స్కూల్లో వేశామని చెప్దాం, చిన్నోడికి కూడా చెప్పి పెడతాను" అన్నావట. ఏం పని అది? బుద్ధుందా నీకు? కోప్పడుతున్నానని అనుకోకు. నేను చేసిన పని నీకెవరూ చెప్పలేదు, ఎందుకంటే నేను ఎవరికీ చెప్పలేదు. మీ అమ్మకి కూడా సగమే తెలుసు.

1996లో మేం నంద్యాలలో ఉన్నాం. నీకప్పుడు మూడేళ్ళు, మా పెద్దోడికి ఆరు. వాడిది ఎడమచేతి వాటం. బడిలో టీచరమ్మ కుడిచేత్తోనే రాయాలని చెక్క స్కేలుతో వేళ్ళ కణుపుల మీద కొట్టేది. ఇప్పుడైతే కొట్టకూడదని చట్టంలోనే ఉంది. అప్పుడు అది క్రమశిక్షణ. వాడు రాత్రుళ్ళు పక్క తడపడం మొదలుపెట్టాడు. జూలైలో మాన్పించాను. ఆ విషయంలో నాకు ఇవాళ్టికీ పశ్చాత్తాపం లేదు.

కానీ వీధిలో వాళ్ళు ఏమనుకుంటారోనని భయపడ్డాను. ఇంజనీరుగారబ్బాయి బడికి పోవట్లేదట, మొద్దట, అంటారని. మా అత్తగారికి తెలిస్తే రాద్ధాంతం అవుతుందని. ఇంకో ఊళ్ళో మంచి బడి దొరికేదాకా కదా అనుకున్నాను. మీ పెదనాన్న పొద్దున ఎనిమిదిన్నరకి వాడిని సంచితో సహా స్కూటర్ ఎక్కించుకునేవాడు. బస్టాండు దాకా వెళ్ళి, తిరిగి వెనక సందులో దింపి ఆఫీసుకి పోయేవాడు. వాడు పెరటి తలుపులోంచి లోపలికి వచ్చేవాడు. ఊరికి ఆ చివర్న బడిలో చదువుతున్నాడని అందరికీ చెప్పాం. టీచరు పేరేంటో, పక్కన ఎవరు కూర్చుంటారో ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో వాడికి నేనే నేర్పాను. సాయంత్రం నాలుగున్నరకి బడి రిక్షాల గంటలు వినపడేదాకా గట్టిగా మాట్లాడకూడదు, వీధి గుమ్మం వైపు పోకూడదు. వాడు ఎంత బాగా నేర్చుకున్నాడంటే, మహానందికి పోయే బస్సులో ఎవరో పెద్దాయన అడిగితే తనకి రెండో ర్యాంకు వచ్చిందని కూడా కల్పించి చెప్పాడు. ఆ రోజే నాకు బుద్ధి రావాల్సింది. రాలేదు.

ఫిబ్రవరి నెలాఖరు. పదకొండు గంటలప్పుడు నేను వంటింట్లో ఉన్నాను, వాడు పెరట్లో ఆడుకుంటున్నాడు. గోడ వారగా మిగిలిపోయిన నాపరాళ్ళు పేర్చి ఉండేవి. కాసేపటికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చొక్కా అంచు నోట్లో కుక్కుకుని ఉన్నాడు. ఒళ్ళంతా చెమట, కళ్ళనిండా నీళ్ళు. నోట్లోంచి గుడ్డ తీస్తే గుసగుసగా చెప్పాడు, "అమ్మా, తేలు కుట్టింది."

ఎప్పుడు కుట్టిందిరా అంటే ఇందాకే అన్నాడు. అరవలేదేరా నాయనా అంటే, "బడి టైం కదమ్మా, పక్కింటి పిన్నికి వినిపిస్తుంది" అన్నాడు.

తేలు కుట్టిన దొంగ కిక్కురుమనడంటారు. ఆరేళ్ళ నా బిడ్డని నేను దొంగని చేశాను.

ఎత్తుకుని వీధి గుమ్మంలోంచే పరుగెత్తాను. రిక్షాలో రెండుసార్లు వాంతి చేసుకున్నాడు, చేతులు చల్లబడిపోయాయి. ఆ విషం చిన్నపిల్లల్లో గుండె మీదికి వస్తుంది, ఆలస్యం చేయకూడదు. డాక్టరుగారు ఇంజెక్షన్ ఇచ్చి, రాత్రంతా ఉంచాలన్నారు. వాడి మనసు మళ్ళించాలని పాపం ఆయన నవ్వుతూ అడిగారు, "ఏ స్కూలు బాబూ?" వాడు ఆయనకి జవాబు చెప్పలేదు. నా వైపు తిరిగి, ఆ నొప్పిలో, "అమ్మా, ఇక్కడ ఏది చెప్పాలి?" అన్నాడు.

ఇది రాస్తుంటే ఇప్పటికీ నా చెయ్యి వణుకుతోంది.

మర్నాడు ఇంటికి రాగానే పక్కింటావిడ దగ్గరికి వెళ్ళి ఉన్నదంతా చెప్పాను. ఆవిడ "మాకు ఎప్పుడో తెలుసమ్మా, నువ్వే చెప్పట్లేదు కదా అని అడగలేదు" అంది. ఎనిమిది నెలలు వాడి నోరు నొక్కింది ఎందుకు మరి? వారం తిరక్కుండా ఆవిడ కూతురు ఎక్కాలు అప్పజెప్పడానికి మా ఇంటికి రావడం మొదలుపెట్టింది. ఆ పిల్ల వెంట ఇంకో ఇద్దరు. కొందరు నవ్వారు, అదీ నిజమే. మా అత్తగారు నెల రోజులు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత ఆవిడే వాడికి వేమన పద్యాలు నేర్పింది. వాడు ఆరో తరగతిలో కర్నూల్లో బడిలో చేరేదాకా ఇంట్లోనే చదివాడు, ఎడమచేత్తోనే రాశాడు.

ఇప్పుడు పుణెలో మంచి ఉద్యోగం వాడికి. నీకు తెలిసిన అన్నయ్యే, నిదానం మనిషి. కానీ కొత్తవాళ్ళు ఏదైనా అడిగితే జవాబు చెప్పేముందు ఒక్క క్షణం ఆగుతాడు, గమనించావా? అది వాడి స్వభావమే కావచ్చు. నాకు మాత్రం ఆ ఆసుపత్రి మంచం కనిపిస్తుంది. ఓసారి క్షమించమని అడిగాను. "తేలు గుర్తుంది గానీ మిగతాది గుర్తులేదమ్మా" అన్నాడు. నా కోసం అన్నాడేమో.

అందుకని తల్లీ, ఈ ఉత్తరంలో మిగతా అంతా నువ్వు వినకపోయినా పర్వాలేదు, ఇదొక్కటి విను. చిన్నోడికి ఏమీ చెప్పి పెట్టకు. లిఫ్టులో వాళ్ళు, వాచ్‌మన్, పార్కులో అమ్మలు రోజూ అడుగుతారు, "ఏ స్కూలు?" అని. "ఇంట్లో చదువుకుంటున్నా, అమ్మ చెప్తుంది" అని వాడి గొంతుతో వాడు చెప్పాలి. ఆ పైన వచ్చే ప్రశ్నలు నువ్వు పడు. మీ అత్తగారికి ఈ ఆదివారమే చెప్పు. ఫోన్లో కాదు, వెళ్ళి కూర్చుని చెప్పు. ఆవిడ తిడితే తిట్టించుకో. నీకు ధైర్యం చాలకపోతే నేను కూడా వస్తాను.

నువ్వు చేయగలవు. చిన్నప్పుడు సెలవులకి వస్తే వీధిలో పిల్లలందర్నీ అరుగు మీద కూర్చోబెట్టి పలక పట్టించేదానివి, నేను చూసేదాన్ని.

ఎలాగూ మంగళవారం వస్తున్నాను. పొద్దున్నే కర్నూల్లో బస్సెక్కితే పదకొండింటికల్లా మియాపూర్ చేరతాను. గవ్వలు, పాత మానిక, సోల తెస్తున్నాను. స్టాపు దగ్గరికి ఎవరూ రానక్కర్లేదు, ఆటోలో వస్తాను. పిల్లలిద్దర్నీ తీసుకుని కిందికి, గేటు దగ్గరికి రా.

మీ పెద్దమ్మ