జమాఖర్చులు ముందు పెట్టి మాట్లాడు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

మన వరంగల్ కొత్తవాడ జంపఖానాలను ఆన్‌లైన్‌లో అమ్ముతున్న మీ ఐదుగురిలో ఇద్దరు ఇక మానుకుంటామంటున్నారనీ, వాళ్లకు ధైర్యం చెప్పడానికి ఆదివారం అందరినీ ఇంటికి పిలిచావనీ మీ అమ్మ చెప్పింది. మన వాడలో నేసిన సరుకును నువ్వు ఊళ్లు దాటిస్తున్నందుకు ఎంత గర్వపడ్డానో, ధైర్యం చెబుతావన్న మాటకు అంత భయపడ్డాను.

ఫోటోలో రంగు ఉన్నదున్నట్టు కనిపించాలి. సరుకు అందాక డబ్బిచ్చే ఆర్డరైతే పంపే ముందు ఫోన్ చేసి ఖాయం చేసుకోవాలి. 2018లో మన జంపఖానాలకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని కొనేవారికి కనబడేలా రాయాలి. ఇవి నీకు తెలిసినవే.

నీకు తెలియనిది ఒకటుంది. 1996లో నేనూ మరో నలుగురు స్నేహితులూ కలిసి హనుమకొండ చౌరస్తా దగ్గర జంపఖానాల దుకాణం తెరిచాము. లెక్కలు నేనే రాసేవాణ్ణి కనుక, అద్దె మూడు నెలలు బాకీ పడ్డామన్న సంగతి నాకొక్కడికే తెలుసు. స్నేహితులు దిగులుపడి అడిగినప్పుడల్లా, దసరా దాకా ఓపిక పట్టండి, సరుకంతా పోతుందని గట్టిగా చెప్పేవాణ్ణి. నేను నమ్మే చెప్పాను, కానీ పుస్తకం మాత్రం తెరిచి చూపలేదు. మాలో రంగులు అద్దే స్నేహితుడు నా మాట మీద భార్య పుస్తెలతాడు కుదువబెట్టి నూలు కొన్నాడు. దసరా వెళ్లింది, బతుకమ్మలు నిమజ్జనమయ్యాయి, సరుకు మాత్రం కదలలేదు. "బాకీ ఉందని ముందే చెబితే నూలు కొనకపోదును కదా" అని ఒక్క మాట అని, అతను మరమగ్గాల పనికి మహారాష్ట్రలోని భివండీ వెళ్లిపోయాడు. అతని వాటా తీర్చడానికి నాకు రెండేళ్లు పట్టింది. అప్పటికి ఆ బంగారం వేలంలో పోయింది. ఆ ఇంటి గడప ఈనాటికీ తొక్కలేకపోతున్నాను.

నువ్వు కూడా నెల రోజులుగా నష్టమెంతో వాళ్లకు చెప్పలేదట. అది తప్పు, బిడ్డా. వాళ్లు బాధపడతారని దాచావని నాకు తెలుసు. చిన్నప్పుడు మగ్గం మీద పోగు తెగితే తాతకు చెప్పకుండా ముడివేయబోయి ఏడ్చినదానివి నువ్వు. మాటల కంటే ముందు లెక్క చూపించు. నువ్వు పంపిన కొరియర్ రసీదు చూశాను. అసలు బరువును కాక ప్యాకెట్ పట్టే చోటునే బరువుగా లెక్కగట్టారు: పొడవు 60, వెడల్పు 40, ఎత్తు 25 సెంటీమీటర్లు గుణించి 5000తో భాగించి, మూడు కిలోల జంపఖానాకు పన్నెండు కిలోల రేటు వేశారు. మడత బిగించి ఎత్తును 10 సెంటీమీటర్లకు దింపితే అది 4.8 కిలోలే అవుతుంది. ప్యాకింగ్ చేసే పిల్లవాడు తన వల్లే నష్టం వస్తోందని కుంగిపోతున్నాడట కదా, ఈ లెక్క అతని చేతికే ఇచ్చి కొలిపించు. పోయేది ఎక్కడో తెలిస్తే ఆపే పని అతనే చేస్తాడు.

ఎవరైనా అప్పు చేసి ఇందులో పెట్టారా అని ఒక్కొక్కరినీ విడిగా అడుగు. నలుగురిలో అడిగితే చెప్పరు. ఇంకెన్ని నెలలు చూద్దామో అందరూ కలిసి తేదీ పెట్టుకోండి, ఆ తేదీ దాకా ఎవరూ కొత్తగా అప్పు తేవద్దని గట్టిగా చెప్పు.

అయినా వెళ్తానన్నవారిని ఆపకు, వాళ్ల వాటా ఆ రోజే లెక్కగట్టి ఇచ్చెయ్యి. చేతిలో డబ్బు చాలకపోతే శనివారం లోపల నాకు ఫోన్ చెయ్యి, నేను తెచ్చి ఇస్తాను.

ఇట్లు,
మీ మామయ్య