దుస్తుల మీద వేసే నింద వల్ల ఎవరికి నష్టం? ఆసుపత్రిలో నేను చూసింది

అత్యాచారాలకు ఆడపిల్లల దుస్తులే కారణమని ఒక స్వామీజీ చేసిన ప్రసంగాన్ని మీ అమ్మానాన్నలు ఫోనులో పదేపదే విని, మీ చెల్లెలి చేత జీన్స్ మాన్పించారనీ, ఇంట్లో రోజూ ఇదే వాదన నడుస్తోందనీ, ఆ మాటలో నిజమెంతో, వారికి ఏమని నచ్చజెప్పాలో తెలియడం లేదనీ మీరు విజయవాడ నుంచి అడిగారు. నేను గుంటూరులో ప్రభుత్వ వైద్య సేవలో స్టాఫ్ నర్సుగా పనిచేసి పదవీ విరమణ చేశాను. ఉద్యోగంలో ఎక్కువ కాలం స్త్రీల వార్డులోనే గడిచింది కాబట్టి, అత్యాచారానికి గురై వచ్చిన ఆడవాళ్ళను పరీక్షించే డాక్టరమ్మల పక్కన నిలబడి సాయం చేయడం, ఆ రోజు వారి ఒంటి మీద ఉన్న దుస్తులను తీసుకుని భద్రపరచడం నా విధుల్లో భాగంగా ఉండేది. మనుషులను గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు మార్చి రాస్తున్నాను.

ముందుగా ఆ దుస్తులను ఎలా తీసుకుంటామో చెబుతాను. నేల మీద పెద్ద కాగితం పరిచి, దాని మీద ఆమెను నిలబెట్టి, దుస్తులు విడిచేటప్పుడు రాలే వెంట్రుక, మట్టి, గడ్డిపరక ఏదైనా ఆ కాగితంలోనే పడేలా చూస్తాం. తడిగా ఉన్నవాటిని ఎండ తగలకుండా నీడలో ఆరబెట్టి, ఒక్కొక్క దుస్తును విడివిడిగా కాగితపు సంచిలో పెట్టి, సీలు వేసి, సంతకాలు చేసి పోలీసులకు అప్పగిస్తాం. ప్లాస్టిక్ కవరులో పెడితే లోపల చెమ్మ చేరి, బూజు పట్టి ఆధారాలు పాడవుతాయి. కేంద్ర ఆరోగ్య శాఖ 2014లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ పద్ధతి అంతా ఉంది. వాటితో పాటు ఇచ్చిన ఫారంలో దుస్తులు ఎక్కడ చిరిగాయి, మరకలు ఎక్కడున్నాయి, ఆ తరువాత బట్టలు మార్చుకున్నారా, ఉతికారా, స్నానం చేశారా అని రాయాలి. ఆ దుస్తులు నిండుగా ఉన్నాయా లేదా అని రాయడానికి అందులో గడి లేదు, ఎందుకంటే నేరాన్ని తేల్చడానికి ఆ సంగతి దేనికీ పనికిరాదు.

నా చేతుల మీదుగా ఆ సంచుల్లోకి వెళ్ళినవి బడి యూనిఫారాలు, ఇంట్లో వేసుకునే నైటీలు, పొలం మట్టి అంటిన నేత చీరలు, చంటిపిల్లల గౌనులు, ముసలమ్మల తెల్ల చీరలు. బురఖా కూడా ఉంది. ప్రసంగాల్లో చెప్పే రకం దుస్తులు నాకు ఎప్పుడూ కనబడలేదని అనను. ఎప్పుడో ఒకసారి జీన్స్ కూడా వచ్చింది. అయితే జీన్స్ వేసుకున్న అమ్మాయికీ, చీర కట్టుకున్న ఆమెకూ ఆ పని చేసింది ఒకే తరహా మనిషి. ఎక్కువసార్లు ఇంటి వాడో, పక్కింటి వాడో, పనిచేసే చోట పైవాడో, పెళ్ళి చేసుకుంటానని నమ్మించినవాడో అయి ఉండేవాడు. జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా ప్రకటించే లెక్కల్లోనూ అత్యాచారం కేసుల్లో 90 శాతానికి పైగా నిందితులు బాధితురాలికి ముందే తెలిసినవారు. దారిన పోయే అపరిచితుడు దుస్తులు చూసి రెచ్చిపోయాడన్న కథకూ, ఈ లెక్కకూ ఎక్కడా పొంతన లేదు.

మీ అమ్మానాన్నలకు ఒక్క ఉదాహరణే చెప్పగలిగితే, గుంటూరు మిరప కూలీల సంగతి చెప్పండి. జనవరి దాటాక మా ఊళ్ళో మిరప తొడిమలు తీసే పనికి చుట్టుపక్కల పల్లెల నుంచి ఆడవాళ్ళు ఆటోల్లో కిక్కిరిసి వస్తారు. ఘాటు ఒంటికి తగలకుండా చీర మీద భర్తదో కొడుకుదో పాత ఫుల్ చేతుల చొక్కా తొడిగి, గుండీలు మెడ దాకా పెట్టి, తలకూ ముఖానికీ తువ్వాలు చుట్టి, రెండు కళ్ళు మాత్రమే కనబడేలా కూర్చుంటారు. ఈ ఊళ్ళో వారికంటే నిండుగా ఒళ్ళు కప్పుకునే ఆడవాళ్ళు ఉండరు. చేతుల మంటకు మందు కోసం ఆసుపత్రికి వచ్చినప్పుడు, పక్కన మగవాళ్ళెవరూ లేరని చూసుకుని, మేస్త్రీ గురించో, బస్తాలు మోసే చోట దారి కాచేవాడి గురించో గొంతు తగ్గించి చెప్పేవారు. వారిలో ఒకామె అడిగిన మాట నాకు బాగా గుర్తుంది. "మొహం గూడా కనబడదు గదమ్మా, ఏం జూసి చెయ్యేశాడంటావు?" అంది. మేస్త్రీ చూసింది ఆమె దుస్తులను కాదు. ఎదురు మాట్లాడితే రేపటి కూలి పోతుందని ఆమెకున్న భయాన్ని చూశాడు.

ఇలా నింద వేయడం ఏదో ఒక మతానికి చెందిన విషయం కాదని కూడా మీ ఇంట్లో చెప్పాలి, లేకపోతే వాదన వెంటనే దారి తప్పుతుంది. 2006లో ఆస్ట్రేలియా ముఫ్తీగా, అంటే అక్కడి ముస్లింల మతపెద్దగా ఉన్న తాజుద్దీన్ అల్ హిలాలీ, సిడ్నీలో ఒక రంజాన్ ప్రసంగంలో ఒళ్ళు కప్పుకోని స్త్రీని మూత పెట్టని మాంసంతో పోల్చి, పిల్లి తింటే తప్పు ఎవరిదని అడిగాడు. ఆ మాటను అక్కడి ముస్లిం మహిళలు కూడా ఖండించారు. 2012 క్రిస్మస్ రోజుల్లో ఇటలీలోని సాన్ తెరెంజో అనే ఊళ్ళో పియెరో కోర్సీ అనే ఫాదరీ, దాడులకు గురయ్యే ఆడవాళ్ళు తమ దుస్తుల గురించి ఆత్మపరిశీలన చేసుకోవాలని చర్చి వద్ద కాగితం అంటించాడు. మన దేశంలో ఢిల్లీ నిర్భయ ఘటన జరిగిన కొద్ది వారాలకే, 2013 జనవరిలో, ఆధ్యాత్మిక గురువుగా పేరున్న ఆశారాం బాపు దుస్తుల ప్రస్తావన తేకపోయినా, తప్పు ఒక వైపు నుంచే జరగదనీ, ఆ అమ్మాయి దాడి చేసినవాళ్ళను అన్నా అని పిలిచి వేడుకుని ఉండాల్సిందనీ అన్నాడు. అదే సంవత్సరం ఆగస్టులో తన గురుకులంలో చదువుకుంటున్న మైనరు బాలిక మీద అత్యాచారం చేసినట్టు రుజువై, 2018 ఏప్రిల్‌లో జోధ్‌పూర్ కోర్టు అతనికి యావజ్జీవ శిక్ష వేసింది. ఆ బాలిక అక్కడికి వెళ్ళింది భక్తుల కుటుంబం నుంచే.

వేదిక మీద అన్న మాట వేదిక మీదే ఆగిపోదు. 2011 చివర్లో మన ఉమ్మడి రాష్ట్ర డీజీపీయే అత్యాచారాలు పెరగడానికి ఆడవాళ్ళ ఫ్యాషన్ దుస్తులు కారణమని బహిరంగంగా అన్నారు. కేసు రాసుకోవలసిన శాఖ అధిపతి ఆ మాట అంటే, పల్లెటూరి స్టేషన్‌లో బల్ల ముందు కూర్చున్న అమ్మాయిని మొదట ఏమని అడుగుతారో ఊహించవచ్చు. 2022 ఆగస్టులో కోళికోడ్ సెషన్సు కోర్టు కూడా ఒక నిందితుడికి ముందస్తు బెయిలు ఇస్తూ ఫిర్యాదుదారు రెచ్చగొట్టే దుస్తులు వేసుకున్నదని రాసింది. ఆ వ్యాఖ్యను అక్టోబరులో కేరళ హైకోర్టు తొలగించింది. అంతకు ముందే, 2021 మార్చిలో, అపర్ణా భట్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు బాధితురాలి దుస్తులు, నడవడి, గత జీవితం గురించి కోర్టులు వ్యాఖ్యానించకూడదని స్పష్టంగా చెప్పింది. చట్టమూ ఇదే దారిలో నడిచింది. అత్యాచారం కేసులో ఫిర్యాదు చేసిన స్త్రీ నడవడి మంచిది కాదని చూపించుకునే వీలు నిందితుడికి సాక్ష్యాధారాల చట్టంలో 2003 దాకా ఉండేది. దాన్ని అప్పుడు తీసేశారు. ఆమె నడవడి, పూర్వ సంబంధాలు సమ్మతిని తేల్చడానికి పనికిరావని 2013లో రాశారు. ఆ పాత చట్టం స్థానంలో వచ్చిన ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియంలో అది 48వ సెక్షన్.

ఇక నేను అన్నిటికంటే ముఖ్యమని అనుకునే సంగతికి వస్తాను. ఈ ప్రసంగాల వల్ల జరిగే నష్టం ఎవరి మనసు నొచ్చుకోవడంతోనో పూర్తికాదు. ఒక మధ్యాహ్నం ఒక తల్లి కూతుర్ని వెంటబెట్టుకుని వార్డుకు వచ్చింది. ఆ పిల్ల జడ ఇంకా తడిగా ఉంది, షాంపూ వాసన వస్తోంది. రిజిస్టరు తీసి పేరు, వయసు అడిగితే తల్లి ఆ రెండూ చెప్పకుండా, "మా అమ్మాయి చున్నీ వేసుకునే వెళ్ళిందమ్మా, పిన్ను గూడా పెట్టుకుంది" అంది. ఎవరూ ఆమెను ఆ మాట అడగలేదు. అడుగుతారని ఆమెకు ముందే తెలుసు, దారి పొడుగునా దానికి జవాబు సిద్ధం చేసుకుంటూ వచ్చింది. జరిగి రెండు రోజులైంది. ఆ రెండు రోజులూ ఇంట్లో పెద్దలు కూర్చుని, ఆ డ్రెస్సు ఎందుకు కుట్టించావని తల్లినీ, ఆ వేళప్పుడు ఎందుకు వెళ్ళావని కూతుర్నీ నిలదీశారు. తల్లి ఆ డ్రెస్సును సర్ఫులో నానబెట్టి, ఉతికి, దండెం మీద ఆరేసి, మడతపెట్టి సంచిలో తెచ్చింది. అప్పుడు నాకు కలిగిన దుఃఖాన్ని ఇప్పటికీ మాటల్లో పెట్టలేను. నేరం చేసినవాడి ఆనవాళ్ళు ఉన్న ఒకే ఒక్క వస్తువును, సిగ్గుపడి, కన్నతల్లే శుభ్రం చేసింది.

గంటలు గడిచేకొద్దీ ఏమేమి పోతాయో మీ అమ్మానాన్నలకు వివరించండి. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు 72 గంటల లోపు మొదలుపెట్టాలి, ఎంత త్వరగా వేస్తే అంత మంచిది. గర్భం రాకుండా వేసే అత్యవసర మాత్ర కూడా మొదటి మూడు రోజుల్లోనే బాగా పనిచేస్తుంది, ఐదు రోజులు దాటితే ప్రయోజనం ఉండదు. శరీరం నుంచి తీసే నమూనాల్లో ఆధారాలు దొరికే అవకాశం మూడు రోజుల తరువాత బాగా తగ్గిపోతుంది, నాలుగు రోజుల వరకు తీసి చూస్తారు. దుస్తులు వేసుకున్న తీరును తప్పుపట్టే మాట ఇంట్లో ఎంత బలంగా నాటుకుపోతే, ఆ పిల్ల నోరు విప్పడానికి అంత ఎక్కువ సమయం పడుతుంది. ఆ ఆలస్యం వల్ల లాభపడేది ఒక్క నేరస్థుడే. తరువాత కోర్టులో అతని తరఫు వకీలు మొదట అడిగేదీ అదే, నిజమైతే వెంటనే ఎందుకు రాలేదని.

మీ అమ్మానాన్నలు భక్తులని రాశారు కాబట్టి, వారి విశ్వాసంలో నిలబడి మాట్లాడితేనే వింటారు. భారతంలో ఏకవస్త్రగా ఉన్న ద్రౌపదిని సభకు ఈడ్చుకొచ్చినప్పుడు, ఆమె నడవడి మంచిది కాదు కాబట్టి ఇలా తేవడంలో వింత లేదని వాదించినవాడు కర్ణుడు. ఇది అధర్మమని కౌరవుల్లో లేచి చెప్పినవాడు వికర్ణుడు. ఈ ప్రసంగాలు ఆ ఇద్దరిలో ఎవరి పక్కన నిలబడుతున్నాయో వారినే ఆలోచించమనండి. మత్తయి సువార్త ఐదో అధ్యాయంలో యేసు, నీ కన్ను నిన్ను తప్పుదారి పట్టిస్తే ఆ కంటినే పీకి పారవేయమని చూసే మగవాడికి చెప్పాడు. ఖురాన్‌లోని నూర్ అధ్యాయంలో కూడా చూపు దించుకోమనే ఆజ్ఞ ముందు మగవారికి, ఆ తరువాతే స్త్రీలకు వస్తుంది. గుడికి వెళ్ళేటప్పుడు సంప్రదాయ దుస్తులు వేసుకోమంటే నాకేమీ అభ్యంతరం లేదు. తిరుమలలో సేవలకు ఆ నియమం ఆడవారితో పాటు మగవారికీ ఉంది. మర్యాద వేరు, నేరానికి సాకు వెతకడం వేరు. అసలు మనం సంప్రదాయమని చెప్పుకునే నిండు రవిక కూడా అంత పాతదేమీ కాదు. మా నాయనమ్మ, ఆమెతో నాట్లకు వెళ్ళే ఆడవాళ్ళు రవిక తొడగకుండానే చీర కట్టుకుని బతికారు, వారిని ఎవరూ సిగ్గులేనివారని అనలేదు.

మీ నాన్నగారి భయాన్ని మాత్రం తేలిగ్గా తీసిపారేయకండి. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో, హాస్టల్ గదిలో నిద్రపోయిన బీఫార్మసీ విద్యార్థినిని చంపేశారు. కింది కోర్టు శిక్ష వేసిన యువకుణ్ణి 2017లో హైకోర్టు నిర్దోషిగా విడిచిపెట్టింది. మన ప్రాంతంలో ఆడపిల్లల తండ్రులకు అప్పటి నుంచి కంటి మీద కునుకు లేకపోవడం సహజం. అయితే ఆ పిల్ల తన హాస్టల్లో, నాలుగు గోడల మధ్య ఉంది. ఆ ఘటన నుంచి మనం అడగవలసినవి హాస్టల్ భద్రత గురించీ, దర్యాప్తు జరిగిన తీరు గురించీ. చెల్లెలి జీన్స్ మీద ఖర్చు పెడుతున్న ఆందోళనను ఆమె వచ్చే దారిలో వీధిదీపాలు వెలుగుతున్నాయా, ఆమె ఎక్కే ఆటో ఎవరిది, ఆమెను ఇబ్బంది పెట్టేవాడు బంధువే అయినా ఇంట్లో చెప్పగలదా అన్న ప్రశ్నల మీద పెట్టమనండి. చివరిది అన్నిటికంటే ముఖ్యం. ఈ రోజు జీన్స్ గురించి తిట్లు తిన్న పిల్ల, రేపు ఏదైనా జరిగితే ఆ ఇంట్లోనే మొదట దాచిపెడుతుంది.

మీ ఇంట్లో అందరికీ ఈ నాలుగు సంగతులు తెలిసి ఉండేలా చూడండి. అలాంటిది ఎవరికైనా జరిగితే, స్నానం చేయకముందే, బట్టలు ఉతక్కముందే ఆసుపత్రికి రావాలి. బట్టలు మార్చుకోక తప్పకపోతే విడిచినవాటిని పాత వార్తాపత్రికలో చుట్టి తీసుకురావాలి. స్నానం అయిపోయినా, రోజులు గడిచినా రావడం మానుకోకూడదు. ముందు పోలీసు స్టేషన్‌కు వెళ్ళి కాగితం తెచ్చుకోనక్కరలేదు. ప్రభుత్వ ఆసుపత్రైనా ప్రైవేటు ఆసుపత్రైనా వెంటనే ఉచితంగా చికిత్స చేసి తీరాలని క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన ఇప్పటి నాగరిక్ సురక్షా సంహిత 397వ సెక్షన్ చెబుతోంది, పోలీసులకు కబురు చేసే బాధ్యత ఆసుపత్రిదే. ఫిర్యాదును ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వవచ్చు, దాన్ని మహిళా అధికారే రాసుకోవాలి. మహిళల సహాయానికి 181, అత్యవసరానికి 112, పిల్లల కోసం 1098 ఉన్నాయి. ఈ నంబర్లు మీ చెల్లెలి ఫోనులోనే కాకుండా మీ అమ్మగారి ఫోనులో కూడా వేసి పెట్టండి.