బాలింతకు మూడు పూటలా వెల్లుల్లి కారం అన్నమేనా?

తమ్ముడూ, మీ చెల్లె కాన్పై ఇరవై రోజులైందని, అమ్మ పూటపూటకూ వెల్లుల్లి కారం, నెయ్యి వేసిన అన్నమే పెడుతోందని, అడిగితే "పాలు మంచిగనే వస్తున్నయి కద, ఇంకేం గావాలె" అంటోందని రాశావు. నా కాన్పప్పుడు పాలు బాగా రావడం చూసే మా ఇంట్లో కూడా అందరం నిశ్చింతగా ఉన్నాం.

2009లో నా మొదటి కాన్పు. పెద్దాపరేషన్. కల్వకుర్తి దగ్గర మా తల్లిగారింట్లో మూడు నెలలు పథ్యం. పప్పు తింటే కుట్లు చీము పడతాయి, గుడ్డు వేడి, పెరుగు తింటే పిల్లకు పడిశం, గుమ్మడికాయ పేరే ఎత్తొద్దు. నీళ్లు కూడా కొలిచి ఇచ్చేది మా అమ్మ. పాలకు కొదువ లేదు, పిల్ల బొద్దుగానే పెరిగింది. నాకే లేస్తే కళ్లు తిరిగేవి. మూడో నెలలో పరీక్ష చేయిస్తే రక్తం (హిమోగ్లోబిన్) 8 ఉంది. 12 ఉండాలి.

తల్లి సరిగా తినకపోయినా ఒళ్లు తన దగ్గరున్నది తీసి పాలు చేస్తుంది, కాల్షియాన్ని ఎముకల్లోంచి కూడా లాగుతుంది. కానీ అన్నిటికీ అలా కుదరదు. బీ విటమిన్లు, ఏ విటమిన్, అయోడిన్ తల్లి తిండిలో తగ్గితే పాలలోనూ తగ్గుతాయి. బీ12 అయితే మాంసం, చేపలు, గుడ్లు, పాలు, పెరుగు లాంటి వాటిలోనే దొరుకుతుంది. అవన్నీ మాన్పిస్తే పిల్లకూ నష్టమే.

బంగ్లాదేశ్‌లో అన్నం, మలావీలో మక్క సంకటి, మన దగ్గర అన్నం, రొట్టె. పేద ఇళ్లలో ఎక్కడైనా కడుపు నింపేది ఒక్క గింజే. అందుకే ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ 2016లో ఆడవాళ్ల తిండికి ఒక కొలత పెట్టింది. గింజలు, పప్పులు, పల్లీలు నువ్వులు, పాలు పెరుగు, మాంసం చేపలు, గుడ్లు, ఆకుకూరలు, క్యారెట్ గుమ్మడి మామిడిపండు లాంటివి, మిగతా కూరగాయలు, మిగతా పండ్లు. ఈ 10 రకాల్లో రోజుకు కనీసం 5 తినాలి. 15 గ్రాములకు తక్కువ తింటే రకం కిందికి రాదు. కారం, నెయ్యి, నూనె అసలే రావు. అంటే మీ చెల్లె మూడు పూటలా తింటున్నది ఒకే ఒక్క రకం.

2016లో నా రెండో కాన్పుకు అంగన్‌వాడీలో సర్కారు పెట్టే ఆరోగ్యలక్ష్మి భోజనం ఉంది. బాలింతకు ఆరు నెలల దాకా ఒక పూట అన్నం, పప్పు, కూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. మా అమ్మ పోనియ్యనంది. నా మాట వినలేదు గానీ, కుట్లు చూడడానికొచ్చిన సిస్టర్ "చీము పప్పుతోటి రాదమ్మా, కుట్లకు మురికి తగిలితే వస్తది. పుండు మానాల్నంటే పప్పు, గుడ్డు పెట్టాలె" అంటే వింది. (కుట్లు ఎర్రబడినా, జ్వరమొచ్చినా మాత్రం వెంటనే దవాఖానకు తీసుకపో.)

అమ్మ చేతి కారాన్ని మాన్పించకు. నేను ఆ వెల్లుల్లి కారంలోనే రెండు పిడికిళ్ల వేయించిన పల్లీలు, ఒక పిడికెడు నువ్వులు వేసి దంచమన్నాను. దంచింది తనే కాబట్టి అభ్యంతరం రాలేదు. కారం తగ్గింది, ముద్దకు పొడి ఎక్కువ కలిపేదాన్ని. తర్వాత పెసరపప్పు, దాంట్లోనే మునగాకో తోటకూరో. వారం తిరిగేసరికి గుడ్డు. పిల్లకు ఏమీ కాలేదని చూశాక పెరుగు కూడా తనే పెట్టింది.

మీది నల్గొండ, బత్తాయికి కరువు లేదు. పుల్లటి పండ్లతో, నిమ్మరసంతో తిండిలోని ఐరన్ ఒంటికి బాగా పడుతుంది, చాయ్‌తో పట్టదు. ఐరన్ గోలీలు కాన్పు తర్వాత కూడా 180 రోజులు వేసుకోవాలి. కాల్షియం గోలీ అదే పూట వద్దు. దాహమైనప్పుడల్లా నీళ్లు తాగనివ్వండి.

ఎంత తినాలంటే, మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో మొదటి ఆరు నెలలు రోజుకు 600 కేలరీలు అదనం. దాదాపుగా రెండు జొన్న రొట్టెలు, ఒక గిన్నె పప్పు, ఒక గుడ్డు. అందరూ తిన్నాక మిగిలింది చెల్లెకు పెడితే ఇది కుదరదు. ఆమెకు ముందే తీసిపెట్టండి.

ఊరి నర్సమ్మ (ఏఎన్ఎం) ఇంటికొచ్చినప్పుడు చెల్లెతో పాటు అమ్మనూ పక్కన కూర్చోబెట్టు. పప్పు గురించి, పెరుగు గురించి అమ్మకున్న భయం అమ్మనే అడగనివ్వు.