రోమియో జూలియట్‌లో పాత్రల మధ్య తేడా: దాది వేషం వేశాక నాకు అర్థమైంది

షేక్‌స్పియర్ నాటకం రోమియో అండ్ జూలియట్‌లో ఒక పాత్ర పక్కన ఇంకో పాత్రని పెట్టి చూస్తే వాళ్ళ లోతు ఎలా తెలుస్తుంది అని అడిగారు కదా. చాలామంది రోమియో బంధువు బెన్వోలియో, పగవాళ్ళ వైపు ఉన్న జూలియట్ బంధువు టిబాల్ట్‌లతో మొదలుపెడతారు, మొదటి సీన్‌లోనే ఒకడు గొడవ ఆపాలని చూస్తాడు, ఇంకొకడు శాంతి అన్న మాటే నాకు గిట్టదంటాడు. అక్కడ తేడా కనిపిస్తుంది, కానీ మనిషి పూర్తిగా కనపడడు. నాకు అది తెలిసింది డిగ్రీలో ఈ నాటకంలో జూలియట్‌ని పాలిచ్చి పెంచిన దాది వేషం వేసినప్పుడు.

మొదటి అంకం మూడో సీన్‌లో దాది ఆగకుండా వాగుతుంది. జూలియట్‌కి ఇంకా పద్నాలుగు నిండలేదు, ఆ వయసు లెక్క చెప్పడానికి పాలు మాన్పించిన రోజు, అప్పుడొచ్చిన భూకంపం, పోయిన మొగుడు వేసిన జోకు అన్నీ తవ్వి పోస్తుంది. ఆ నవ్వుల మధ్యలోనే సూసన్ అని తన కూతురు, జూలియట్ ఈడుదే, దేవుడి దగ్గరికి వెళ్ళిపోయిందని ఒక్క ముక్క అనేసి ముందుకెళ్ళిపోతుంది. అదే సీన్‌లో కన్నతల్లిని చూడండి, కూతురితో రహస్యంగా మాట్లాడాలి బయటికెళ్ళమని దాదిని పంపేస్తుంది, వెంటనే మళ్ళీ వెనక్కి పిలుస్తుంది. సొంత కూతురితో ఒంటరిగా కూర్చోవడానికి ఆవిడకి చేతకావట్లేదు. పెంచినావిడ పక్కన ఉంది కాబట్టే అది మనకి కనపడుతుంది.

తర్వాత మూడో అంకం ఐదో సీన్. విందులో రోమియోని మెచ్చుకుని టిబాల్ట్‌ని గద్దించి ఆపిన జూలియట్ తండ్రే, ఆమెకి రోమియోతో రహస్యంగా పెళ్ళైపోయిందని తెలియక, ఇక్కడ తను చూసిన వరుడు పారిస్‌ని చేసుకోకపోతే వీధుల్లో అడుక్కుని చావమంటాడు. దాది ఆయనకి ఎదురు చెప్తుంది, అది చాలామంది మర్చిపోతారు, ఆయన వెళ్ళాక మాత్రం పారిస్‌నే చేసుకో, అతని ముందు రోమియో మసిగుడ్డ అంటుంది. రిహార్సల్స్‌లో నేను ఆ మాటని గొంతు తగ్గించి, ద్రోహం చేస్తున్నదానిలా అన్నాను. మా సార్ ఆపేసి, దాది మొదట వచ్చే సీన్‌లో ఎలా వాగావో అచ్చం అలాగే అను అన్నారు. ప్రదర్శన రోజు అలాగే అన్నాను, మసిగుడ్డ దగ్గర హాల్లో నవ్వారు కూడా, కానీ జూలియట్ నా మొహంలోకి చూసి మనస్ఫూర్తిగానే అంటున్నావా అని అడిగేసరికి ఆ నవ్వు మొత్తం ఆగిపోయింది, నాకు ఒళ్ళు జలదరించింది. దాది ఏమీ మారలేదు, ఆ పిల్లే పెద్దదైపోయింది. దాది దృష్టిలో బతికుండటమే ముఖ్యం, కూతుర్ని పోగొట్టుకున్న మనిషి కదా, అందుకే నాకు ఆవిడ మీద కోపం రాలేదు.

ప్రేమికులిద్దరినీ కూడా ఇలాగే చూడొచ్చు. జూలియట్‌ని చూడకముందు ప్రేమించిన రోసలిన్ కోసం బాధపడుతూ రోమియో చల్లటి నిప్పు, సీసపు ఈక లాంటి మాటలు అల్లుతాడు, వినడానికి బాగుంటాయి కానీ పెద్దగా నొప్పి ఉండదు. టిబాల్ట్‌ని చంపింది రోమియోనే అని విన్నప్పుడు జూలియట్ నోట్లోంచి కూడా అలాంటి మాటలే వస్తాయి, పావురం ఈకలున్న కాకి అని, కానీ అక్కడ ఆమె నిజంగా రెండు ముక్కలైపోతోంది. బాల్కనీ దగ్గర అతను చంద్రుడి మీద ఒట్టేస్తుంటే రేపు ఎన్నింటికి మనిషిని పంపాలి అని అడిగింది కూడా ఆమే, తొమ్మిదికి అంటాడు అతను.

నేను చెప్పిన ఆ రెండు సీన్లూ పక్కపక్కన పెట్టుకుని, వీలైతే పైకి చదవండి, దాది మాటలు మాత్రం రెండుచోట్లా ఒకే గొంతుతో.