తొందరపడి క్షమించానని చెప్పవద్దు

పర్లాకిమిడి

ప్రభువునందు ప్రియమైన అమ్మాయికి నీ మేనత్త దీవించి వ్రాయునది.

మా తమ్ముడు పోయిన తరువాత నీ అన్నలు నిన్ను ఇంటి వాటాలోంచే గాక ఇంటి మనుషుల లెక్కలోంచి కూడా తీసివేశారనీ, గుణుపురం సంఘంలో పెద్దలేమో క్షమించేశానని ఒక్క మాట అనేస్తే సరిపోతుందంటున్నారనీ వ్రాశావు. వారి ఉద్దేశం మంచిదే కావచ్చు గాని ఆ తొందర నాకు నచ్చలేదు.

ఆదికాండములో యోసేపు కథ మళ్లీ నెమ్మదిగా చదువు. పదిహేడేళ్ల వయసులో ఇరవై తులముల వెండికి అమ్ముడుపోయినవాడు, ధాన్యం కోసం వచ్చిన అన్నలను చూడగానే గుర్తుపట్టి కూడా వెంటనే కౌగిలించుకోలేదు. వారు మారారో లేదో పరీక్షించాడు, మధ్యలో లోపలి గదికి వెళ్లి ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చాడు. చివరకు తానెవరో తెలియజేసినప్పుడు సైతం, మీరు అమ్మివేసిన తమ్ముణ్ణి నేనేనని జరిగినదాన్ని జరిగినట్టే అన్నాడు గాని కప్పిపుచ్చలేదు.

నీవు కూడా ముందు దేవుని ఎదుట ఉన్నదున్నట్టు చెప్పుకో. 13వ కీర్తనలో దావీదు, ఎంతకాలం నన్ను మరచిపోతావని దేవుణ్ణే నిలదీశాడు. 88వ కీర్తన చీకటి అన్న మాటతోనే ముగుస్తుంది, అయినా లేఖనంలోంచి దాన్ని ఎవరూ తీసివేయలేదు. ఒడియా బడిలో చదివినదానివి, తెలుగు అక్షరాలు కూడబలుక్కోవలసి వస్తే ఒడియా బైబిలే చదువుకో; ప్రార్థన మాత్రం మనింటి తెలుగులో, కోపం వస్తే కోపంగానే చెయ్యి. కూటంలో నిలబడి సాక్ష్యం చెప్పమంటే ఇప్పుడే ఒప్పుకోవద్దు, పచ్చిపుండుకు కట్టు విప్పినట్టవుతుంది. విన్నది కడుపులో దాచుకోగల ఒక్క మనిషి దగ్గర చెప్పుకుంటే చాలు.

ఉపవాసాలు కొన్నాళ్లు ఆపు. చావు కోరుకున్న ఏలీయా ప్రవక్తకు దేవదూత ముందుగా రొట్టె, నీళ్లు ఇచ్చి మళ్లీ పడుకోనిచ్చాడు, ప్రసంగం చెయ్యలేదు. బతకాలని లేదనిపించిన రాత్రి 14416కు ఫోను చెయ్యి. మనసు బాగోలేనివారి కోసం 2022 నుంచి ప్రభుత్వం నడుపుతున్న టెలీ మానస్ అనే ఫోను సాయం అది, తెలుగులోనూ మాట్లాడతారు. అది అవిశ్వాసం కానే కాదు.

వాటా సంగతి వేరు. క్రైస్తవులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేనప్పుడు కొడుకులకూ కూతుళ్లకూ సమాన భాగమే. క్షమించినంత మాత్రాన హక్కు వదులుకోనక్కరలేదు, వకీలును కలువు.

క్రిస్మస్‌కు అన్నలు పిలిస్తే వెళ్లాలా అని అడిగావు. వాళ్లు నాకూ మేనల్లుళ్లే, అయినా ఈ ఏడు వద్దంటాను. వాళ్లతో నేను మాట్లాడి చూస్తాను. నీవు పండక్కి నా దగ్గరికి వచ్చెయ్యి.

నీ మేనత్త